‘మా’, ‘మన’ - ఒక సంతోష గీతం

తెలుగు దేశభక్తి గీతాలను పరిశీలించేటప్పుడు భావం ఏమిటి, ఛందస్సు ఏమిటి అని మాత్రమే అడిగితే చాలదు. మాట్లాడేది ఎవరు, ఎవరితో అని కూడా అడగాలి.

గురజాడ 1910లో రాసిన ‘దేశభక్తి’లో కవి సాటి మనిషిని పిలిచి కర్తవ్యం చెబుతాడు. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతంలో బిడ్డలు తల్లిని అర్చిస్తారు. ఒకటి బోధ, ఒకటి పూజ.

బాలాంత్రపు రజనీకాంతరావు ‘మాదీ స్వతంత్ర దేశం’ యీ రెండింటికీ భిన్నమైనది. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియో కేంద్రం దానిని ప్రసారం చేసింది. పాడినది టంగుటూరి సూర్యకుమారి. 1941లో ఆ కేంద్రంలో చేరిన రజనికి అప్పటికి 27 ఏళ్లు. మాటా ఆయనదే, వరసా ఆయనదే. అంటే ఆయన వాగ్గేయకారుడు. కాని మన వాగ్గేయకారుల కీర్తనలు చాలావరకు ఒక్క భక్తుని ‘నేను’తో నడుస్తాయి. త్యాగయ్య రామునితో మొరపెట్టుకొనేది ఒంటరిగానే. రజని ఆ ‘నేను’ను ‘మేము’గా మార్చాడు. ఒక గాయని పాడినా అది గుంపు కోసం పుట్టిన పాట. అందుకే బడిపిల్లలకు అంత సులువుగా పట్టుబడింది.

మన ఉత్తరాంధ్రకు గుంపుపాట కొత్తది కాదు. తప్పెటగుళ్లు వున్నది, కోలాటం వున్నది. కాని వాటిలో సంతోషం దేవునిదో, పంటదో, పెళ్లిదో. ఒక జాతి తన రాజకీయ విమోచనాన్ని తానే చాటుకొనే సంతోషం అది కాదు.

ఇక్కడ మన వ్యాకరణం ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మా’ అంటే వినేవాడు బయటివాడు. వెళ్లిపోతున్న దొరతోనూ, చూస్తున్న ప్రపంచంతోనూ చెప్పేటప్పుడు ‘మాది’ అనటమే న్యాయం. కాని ఇంట్లోవాళ్లం ఒకరితో ఒకరం ఏమనుకోవాలి? ఆనాడు నిజాం ఏలుబడిలోని తెలుగువారు ఆ సంతోషానికి వెలుపలే వున్నారు; 1948 సెప్టెంబరు 17 దాకా వారికి ఆ రోజు రాలేదు. విశాఖ జిల్లాలో చాలా భూమి జమీందారీల కింద వున్నది. వాటి రద్దు శాసనం 1948లో గాని రాలేదు.

అంతమాత్రాన ఆ గీతం అబద్ధమాడిందని నేననను. సంతోషగీతం లెక్కల చిట్టా కాదు. అది హక్కును ముందుగా ప్రకటిస్తుంది. ప్రకటించిన హక్కును పంచవలసిన బాధ్యత మాత్రం పాడినవాళ్ల మీద మిగిలిపోతుంది. అనకాపల్లి మార్కెట్టులో బెల్లపు దిమ్మలు మోసే కళాసీ, వాటిని వేలం పాడే వర్తకుడు ఒకరినొకరు చూసుకొని ‘మనది’ అనగలిగిన నాడే రజని పల్లవికి చరణం పూర్తవుతుంది.