చేనుకు బదులు చెరువు

ఏలూరుకు దక్షిణాన కొల్లేటి చుట్టూ ఉన్న పల్లెల్లో గత యాభై ఏళ్లలో జరిగిన అతి పెద్ద మార్పిడి, వరి చేను వదులుకుని అంతకన్నా విలువైన చేపల చెరువును తెచ్చుకోవడం.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తే ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువల కింది పొలాల మురుగునీరూ ఇక్కడికే రాసాగింది. లంక గ్రామాలవారు నీరున్నప్పుడు దోనెలమీద వెళ్లి చేపలు పట్టేవారు. నీరు తీశాక వరి వేసేవారు. వరద ముందొచ్చినా, ఆలస్యంగా దిగినా పంట పోయేది. ఆ భయమే మార్పిడికి దారి వేసింది.

1976లో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు కేటాయించింది. ఆ లాభం చూసి జిరాయితీ (సొంత పట్టా) రైతులూ పొలాలు తవ్వించారు. పైమట్టి గట్లయింది, తవుడు మేతయింది. బొచ్చె, శీలావతి చేపలు మంచుపెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకు, అస్సాంకు వెళ్లాయి. సాగు చేయలేనివాళ్లు చెరువును లీజుకిచ్చారు. వరి కౌలు పంటను బట్టి వచ్చేది. లీజు డబ్బు ముందే చేతికందేది. రైతుకు ఇది కచ్చితంగా మేలైన బేరమే.

అయితే ఆ బేరంలో కూలీ మాట ఎవరూ అడగలేదు. నాట్లకు, కలుపుకు, కోతలకు ఊరి ఆడవాళ్లంతా దిగేవారు. చెరువుకు కాపలా మనిషి, మేత వేసే మనిషి, పట్టుబడి నాడు వలవాళ్లు చాలు. పశువులకు గడ్డి కూడా పోయింది. పైమట్టి గట్లకు ఎక్కాక చెరువును మళ్లీ చేనుగా మార్చడం ఖర్చుతో కూడిన పని.

1999లో కొల్లేటిలో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు; 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ పరిధిలోని చెరువుల గట్లు కొట్టేశారు. పరిధిని మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఇలా చెరువు పోయిన జిరాయితీ రైతుకు పరిహారం అడగడం న్యాయమే. ఆ లెక్క కట్టేటప్పుడు నాట్లు పోగొట్టుకున్న కూలీ కుటుంబాన్నీ అందులో చేర్చాలి.