న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ మరమ్మతు

దెబ్బతిన్న డీఎన్ఏ ముక్కను కణం కత్తిరించి తీసేసి, ఆ ఖాళీని కొత్తగా పూరించుకునే ప్రక్రియ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఒకే పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ డీఎన్ఏ వంకరపోతుంది, నకలు తీసే ఎంజైము ఆగిపోతుంది. మనిషి కణంలో ఈ వంకరను పసిగట్టే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఎక్స్‌పీసీ. తర్వాత టీఎఫ్ఐఐహెచ్ అనే ప్రోటీన్ల సముదాయం రెండు పోగులనూ విడదీస్తుంది. ఎక్స్‌పీఎఫ్, ఎక్స్‌పీజీ ఎంజైములు దెబ్బకు చెరోపక్కా కోయగానే దాదాపు 30 న్యూక్లియోటైడ్ల ముక్క ఊడివస్తుంది. ఎదుటి పోగును బట్టి పాలిమరేజ్ ఖాళీని నింపుతుంది, లైగేజ్ అతుకు వేస్తుంది. చెడింది రెండు థైమిన్లే అయినప్పుడు ఇంత పొడవు తీసేయడం దుబారాగా తోచవచ్చు. కానీ దెబ్బ రూపం మారినా పనిముట్లు మారనక్కర్లేదు: సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ డీఎన్ఏకు అంటుకున్నా ఇదే మార్గం.

ఈ ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్లో పుట్టుకతో లోపముంటే జీరోడెర్మా పిగ్మెంటోజం అనే జబ్బు వస్తుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి కాసేపు ఎండ తగిలినా చర్మం కమిలిపోతుంది, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. మరమ్మతు లోపమే ఇందుకు మూలమని జేమ్స్ క్లీవర్ 1968లో చూపాడు. ప్రక్రియ వివరాలు తేల్చిన అజీజ్ సంజార్ 2015లో రసాయన శాస్త్ర నోబెల్‌ను థామస్ లిండాల్, పాల్ మాడ్రిచ్‌లతో పంచుకున్నాడు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. ఒంటికి ఎండ సోకకుండా చూసుకోవడమే ప్రధాన రక్షణ.