భూతాపం

భూమి ఉపరితలానికి సమీపంలోని గాలి, సముద్ర జలాల సగటు ఉష్ణోగ్రత దీర్ఘకాలంగా పెరుగుతూ రావడాన్ని భూతాపం లేదా భూమి వేడెక్కడం అంటారు. గ్లోబల్ వార్మింగ్ అనే ఆంగ్ల పదం కూడా తెలుగులో వాడుకలో ఉన్నది. 1850-1900 నాటి సగటుతో పోల్చితే 2011-2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ అధికంగా ఉన్నది. 2024లో ఈ పెరుగుదల సుమారు 1.55 డిగ్రీలకు చేరిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఇందుకు మానవ కార్యకలాపాలే కారణమనడంలో సందేహం లేదని ఐక్యరాజ్యసమితికి చెందిన ఐపీసీసీ తన 2021 నివేదికలో స్పష్టం చేసింది.

హరితగృహ ప్రభావం

సూర్యకాంతి వల్ల వేడెక్కిన భూమి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో తిరిగి వెలువరిస్తుంది. వాతావరణంలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు (బొగ్గుపులుసు వాయువు), మీథేన్, నైట్రస్ ఆక్సైడు వంటి వాయువులు ఈ కిరణాలలో కొంత భాగాన్ని గ్రహించి, మరల భూమి వైపు పంపుతాయి. దీనినే హరితగృహ ప్రభావం అంటారు. ఇది సహజమైనది, జీవకోటికి అవసరమైనది. ఈ వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పటివలె 15 డిగ్రీల సమీపంలో కాక, సుమారు మైనస్ 18 డిగ్రీలుగా ఉండేది. ఈ వాయువుల పరిమాణం హద్దు మీరి పెరగడమే సమస్యకు మూలం.

పరిశోధన చరిత్ర

వాతావరణం భూమి వేడిని నిలిపి ఉంచుతుందని 1824లో ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ సూచించాడు. కార్బన్ డయాక్సైడు నింపిన గాజు గొట్టం ఎండలో అధికంగా వేడెక్కుతుందని 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ ప్రయోగపూర్వకంగా చూపింది. 1859లో జాన్ టిండాల్ ఈ వాయువులు ఉష్ణకిరణాలను గ్రహించడాన్ని కొలిచాడు. గాలిలో కార్బన్ డయాక్సైడు పరిమాణం మారితే భూమి ఉష్ణోగ్రత ఎంత మారుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ లెక్కకట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతంపై ఈ వాయువును క్రమం తప్పకుండా కొలవడం ప్రారంభించాడు. చెన్నైలో జన్మించిన వీరభద్రన్ రామనాథన్, శీతలీకరణ యంత్రాలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు కూడా శక్తివంతమైన హరితగృహ వాయువులేనని 1975లో నిరూపించాడు.

కారణాలు

పారిశ్రామిక విప్లవానికి పూర్వం గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో కార్బన్ డయాక్సైడు సుమారు 280 భాగాలు ఉండేది. 1958 నాటికి అది 315కు చేరింది. 2024లో 420ని దాటింది. బొగ్గు, పెట్రోలియం, సహజ వాయువులను మండించడం దీనికి ప్రధాన కారణం. అడవుల నరికివేత, సిమెంటు తయారీ తరువాతి కారణాలు. పశువుల జీర్ణక్రియ, నీరు నిలిచిన వరిపొలాలు, చెత్తకుప్పలు, బొగ్గు గనుల నుండి మీథేన్ వెలువడుతుంది.

మీథేన్ సుమారు పన్నెండేళ్ళలో గాలి నుండి తొలగిపోతుంది. కార్బన్ డయాక్సైడు అట్లు కాదు. వెలువడిన దానిలో దాదాపు సగాన్ని సముద్రాలు, వృక్షజాలం గ్రహించగా, మిగిలిన దానిలో అధికభాగం శతాబ్దాల తరబడి గాలిలోనే ఉంటుంది. దీనిని చెరువుతో పోల్చవచ్చు. లోనికి వచ్చే వరద పెద్దదై, తూము చిన్నదైనపుడు, వరదను కొంత తగ్గించినంత మాత్రాన నీటిమట్టం దిగదు, పెరిగే వేగం మాత్రమే తగ్గుతుంది. కనుక ఉద్గారాలు దాదాపు శూన్యమయ్యే వరకు భూమి వేడెక్కుతూనే ఉంటుంది.

ప్రభావాలు

* అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలు గ్రహిస్తున్నాయి. నీరు వ్యాకోచించడం, మంచు కరగడం వల్ల 1901-2018 మధ్య సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఎగువ ఆనకట్టల వద్ద ఒండ్రు నిలిచిపోవడం వల్ల గోదావరి, కృష్ణా డెల్టాలకు మేట తగ్గింది. పెరిగే సముద్రం ఈ ముప్పును రెట్టింపు చేస్తున్నది.
* ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అందువల్ల కుంభవృష్టులు తీవ్రమవుతాయి.
* వడగాడ్పులు తరచుగా, తీవ్రంగా వస్తాయి. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు భారతదేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువగా బలయ్యారు.

ఈ భారం అందరిపై సమానంగా పడడం లేదు. భారతదేశంలో తలసరి కార్బన్ డయాక్సైడు ఉద్గారం సంవత్సరానికి సుమారు 2 టన్నులు కాగా, అమెరికాలో అది సుమారు 14 టన్నులు.

సాధారణ అపోహలు

ఓజోన్ పొరకు రంధ్రం పడడం వల్లనే భూమి వేడెక్కుతున్నదని పలువురు భావిస్తారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా అది క్రమంగా కోలుకుంటున్నది. సూర్యుని తీవ్రత పెరగడమే కారణమన్న వాదన కూడా నిలవదు. అదే నిజమైతే వాతావరణపు పై పొరలు కూడా వేడెక్కాలి. వాస్తవానికి కింది పొర వేడెక్కుతుండగా పైనున్న స్ట్రాటోస్ఫియరు చల్లబడుతున్నది.

ఎదుర్కొనే మార్గాలు

ఉద్గారాల తగ్గింపు: భారతదేశ విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుండే వస్తున్నది. కనుక సౌర, పవన విద్యుత్తుకు ప్రాధాన్యం ఏర్పడింది. కర్నూలు సమీపంలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. సేద్యంలో, ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి ప్రచారంలోకి వచ్చిన శ్రీ వరి సాగు పద్ధతిలో పొలంలో నిరంతరం నీరు నిలపరు. మధ్య మధ్య ఆరనివ్వడం వల్ల నీరు ఆదా అవుతుంది, మీథేన్ కూడా తగ్గుతుంది.

అనుకూలనం: ఇప్పటికే జరిగిన మార్పును తట్టుకొనే ఏర్పాట్లను అనుకూలనం అంటారు. 2010 నాటి వడగాడ్పుల అనుభవంతో అహ్మదాబాదు నగరం 2013లో ప్రత్యేక కార్యాచరణ ప్రణాళికను చేపట్టింది. ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల సన్నద్ధత, ప్రజలకు అవగాహన ఇందులో ముఖ్యాంశాలు. తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా పలు రాష్ట్రాలు ఇటువంటి ప్రణాళికలను రూపొందించుకున్నాయి. ఎండను వెనుకకు మరలించే తెల్లని పూతలను ప్రోత్సహించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. చలివేంద్రాలు, కూలీల పనివేళలను ఉదయానికి మార్చడం వంటి చిన్న ఏర్పాట్లు కూడా ప్రాణాలు కాపాడతాయి.

వ్యక్తులు: విద్యుత్తును పొదుపుగా వాడడం, స్టార్ గుర్తు అధికంగా గల ఉపకరణాలను ఎంచుకోవడం, బస్సు, రైలు, సైకిలు ప్రయాణాలు, ఆహార వృథాను అరికట్టడం అందరికీ సాధ్యమైన చర్యలు. మొక్కలు నాటడం మేలైనదే గాని, అది ఇంధనాల తగ్గింపునకు ప్రత్యామ్నాయం కాదు.

అంతర్జాతీయ ఒప్పందాలు

ఐపీసీసీ 1988లో ఏర్పడింది. 1992లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒడంబడిక కుదిరింది. 1997లో ఆమోదించిన క్యోటో ఒప్పందం 2005లో అమలులోకి వచ్చింది. 2015 నాటి పారిస్ ఒప్పందం ఉష్ణోగ్రత పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా తక్కువగా ఉంచాలని, 1.5 డిగ్రీలకు పరిమితం చేయడానికి ప్రయత్నించాలని నిర్దేశించింది. ఈ పరిమితిని దీర్ఘకాలిక సగటుతో కొలుస్తారు కనుక, 2024 ఒక్క సంవత్సరం దానిని దాటినంత మాత్రాన ఒప్పందం విఫలమైనట్లు కాదు. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. 1.5 డిగ్రీలు దాటినా ప్రయత్నం వ్యర్థం కాదు. నివారించిన ప్రతి పదోవంతు డిగ్రీ మేరకు నష్టం తగ్గుతుంది.