పాత ఆటకి కొత్త ధర

"ఒక్క ఏడాది ఓపిక పట్టు నాన్నా, ధర అదే దిగివస్తుంది" అని రెండేళ్ళ క్రితం మా మనవడికి ఓ సలహా ఇచ్చాను. ఇవ్వకుండా వుండాల్సింది.

అప్పుడు డల్లాస్ లో మా అమ్మాయి ఇంట్లో వున్నాను. వాడికి తొమ్మిదేళ్ళు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి కావాలని మనసుపడ్డాడు. ధర 60 డాలర్లు. వాడి హుండీలో వున్నవి 35. ఆటలు వాడి డబ్బుతోనే కొనుక్కోవాలని మా అమ్మాయి రూలు పెట్టింది. తక్కింది నేనిస్తానంటే, "అమ్మా, నువ్వు వాణ్ణి పాడుచెయ్యకు" అని నన్నే కోప్పడింది. అంచేత డబ్బుకి బదులు లోకజ్ఞానం ఇచ్చాను.

"ఆ ఆట వచ్చి ఎన్నాళ్ళయిందిరా?"

"నాలుగేళ్ళు."

"అయితే ఇంకేం! పాతబడ్డ సరుకేగా. ఇంకో ఏడాది ఆగితే సగం ధరకే వస్తుంది."

వాడు నమ్మాడు. సగం ధర చాలు కదా అని, పైన వున్న 5 డాలర్లూ ఖర్చుపెట్టేసి, ఆ తర్వాత చేతికొచ్చినవి కూడా దేనికో దానికి వాడేసి, సరిగ్గా 30 డాలర్లు మాత్రం ముట్టుకోకుండా అట్టేపెట్టాడు. మొన్న వేసవిలో నేను మళ్ళీ వెళ్ళాక ఇద్దరం షాపుకి వెళ్ళాం. ఆట అక్కడే వుంది, అదే డబ్బాలో, అదే 60 డాలర్ల చీటీతో. "తగ్గలేదు అమ్మమ్మా" అన్నాడు. విసుక్కోలేదు, ఏడవలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. ఈలోగా వాడి స్నేహితులంతా ఆ ఆట ఆడడం అయిపోయి, వేరేవాటి మీదికి వెళ్ళిపోయారట.

నేనన్నదాంట్లో తప్పేముంది, మీరే చెప్పండి! మన అనుభవం అంతా అదేగా. విడుదలైన వారం పెద్ద టిక్కెట్టు కొనుక్కుని చూసిన సినిమాయే, మా చిన్నతనంలో, కొన్నాళ్ళకి చవక హాల్లో సెకండ్ రన్ కి వచ్చేది. ఆ తర్వాత పల్లెటూళ్ళ టూరింగ్ టాకీసుకి, నేల టిక్కెట్టుకి దిగేది. ఆషాఢం వస్తే చీరల ధర తగ్గుతుంది. ఆగలేనివాళ్ళు ముందు ఎక్కువిచ్చి కొంటారు, ఆగగలిగినవాళ్ళు తర్వాత తక్కువకి కొంటారు. మరి ఈ ఆటలు ఏం పుణ్యం చేసుకున్నాయి? ఆ మాట తేల్చుకోవాలని నాలుగు రోజులు కూచుని వీటి చరిత్ర చదివాను. చదివితే తెలిసింది, ధర తగ్గడం అనే మాట వెనక ఆ వ్యాపారంలో పెద్ద భయమే వుందని.

మొదట్లో ఆటకి ధరే లేదు, అద్దె వుండేది. 1972లో అమెరికాలో అటారీ అనే కంపెనీ "పాంగ్" అనే ఆట పెట్టెని తయారుచేసింది. తెర మీద రెండు గీతలు, మధ్య ఓ చుక్క, అంతే, టేబుల్ టెన్నిస్ అన్నమాట. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే వూళ్ళో ఓ బారులో దాన్ని పెడితే, కొన్నాళ్ళకి పనిచెయ్యడం మానేసిందట. వెళ్ళి చూస్తే రోగం ఏమీ లేదు, నాణాల డబ్బా నిండిపోయింది! నాణెం వేసినంతసేపే ఆట. పాతదా కొత్తదా అన్న ప్రశ్నే లేదు.

1977లో అటారీ ఇంట్లో పెట్టుకునే యంత్రాన్ని తెచ్చాక ఆట ఇంటికొచ్చి ఓ వస్తువైంది. మనవాళ్ళు తర్వాత రోజుల్లో "క్యాసెట్" అని పిలిచిన ప్లాస్టిక్ డబ్బాలో ఒక చిప్పు. కొన్నిటి ధర 30 డాలర్ల పైచిలుకు. జనం ఎగబడ్డారు. అది చూసి ఎవరు పడితే వాళ్ళు ఆటలు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. మంచివాటి పక్కన చెత్త కూడా అదే ధరకి అలమర్లెక్కింది.

1982లో స్పీల్ బర్గ్ సినిమా "ఈ.టీ." విడుదలై పేరు తెచ్చుకుంది. క్రిస్మస్ కల్లా దాని ఆట అంగళ్ళలో వుండాలని అటారీ పట్టుబట్టి, ఒక్క మనిషి చేత సుమారు అయిదు వారాల్లో దాన్ని చేయించింది. మనం పెళ్ళికి అరిసెలు వండడానికి పట్టే హడావిడి కంటే ఎక్కువ హడావిడి. ఆట బాగోలేదు. లక్షల కాపీలు మిగిలిపోయాయి. మరుసటి ఏడు, 1983లో, కొన్ని కంపెనీలు మూతపడుతూ తమ సరుకుని వచ్చినంతకి వదిలించుకున్నాయి. ముప్పయి, ముప్పయి అయిదు డాలర్ల ఆటలు 5 డాలర్లకి గంపల్లో పోసి అమ్మారు.

కొనేవాళ్ళకి పండగే కదా అనుకుంటాం. అక్కడే వుంది కిటుకు. 5 డాలర్ల గంప పక్కనే 35 డాలర్ల కొత్త ఆట పెడితే ఏ తల్లి కొంటుంది? మంచి ఆట చేసినవాడికి కూడా రూపాయి రాలేదు. అమెరికాలో ఆ వ్యాపారం రెండేళ్ళలో కుప్పకూలింది. 1983 సెప్టెంబరులో అటారీ అమ్ముడుపోని సరుకుని లారీల మీద న్యూమెక్సికోలోని అలమగోర్డో అనే వూరి చెత్తగుంటకి తోలి, పాతిపెట్టి, పైన కాంక్రీటు పోయించింది.

ఈ కథకి ఓ కొసమెరుపుంది. 2014 ఏప్రిల్లో ఆ గుంటని తవ్వి, సుమారు 1,300 డబ్బాలు బయటికి తీశారు. వాటిల్లో కొన్నిటిని ఆ వూరివాళ్ళు వేలం వేస్తే మొత్తం మీద లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. 5 డాలర్లకి కూడా ఎవరూ ముట్టనిది, మట్టికొట్టుకుపోయాక అంత పలికింది! దాన్ని ఆట ధర అనలేం, జ్ఞాపకం ధర.

అమెరికాలో ఆ ఇల్లు కూలుతున్న 1983లోనే జపాన్ లో నింటెండో వాళ్ళు తమ యంత్రాన్ని విడుదల చేశారు. 1889లో క్యోటో నగరంలో పేక ముక్కలు చేసే అంగడిగా పుట్టిన సంస్థ అది. అదే యంత్రాన్ని 1985లో అమెరికా తెచ్చేటప్పుడు, పక్కింట్లో దొంగలు పడితే మన తలుపుకి రెండో తాళం వేసుకున్నట్టు జాగ్రత్తపడ్డారు. తమ అనుమతి లేని ఆట ఆ యంత్రంలో ఆడకుండా లోపల తాళంలాంటి చిప్పు పెట్టారు. బయటి కంపెనీ ఏదైనా ఏడాదికి అయిదు ఆటలకి మించి తేకూడదన్నారు. క్యాసెట్లు తామే తయారుచేసి ఇస్తామన్నారు. గంపల్లో పోసి అమ్మే రోజు మళ్ళీ రాకూడదని ఆ పట్టుదల.

ఆ పట్టుదల ఒక్కోసారి మితిమీరింది కూడా. యంత్రం ధరని అంగళ్ళవాళ్ళు తగ్గించనివ్వకుండా కట్టడి చేస్తున్నారని అమెరికా ప్రభుత్వం వాళ్ళు అభియోగం తెస్తే, 1991లో నింటెండో రాజీకొచ్చి, కొన్నవాళ్ళకి 5 డాలర్ల కూపన్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ కూపన్లు దేనికి చెల్లుతాయనుకున్నారు? వాళ్ళ ఆటలే కొనుక్కోడానికి!

రెండో దారి సోనీవాళ్ళు చూపించారు. 1994లో వాళ్ళు తెచ్చిన ప్లేస్టేషన్ కి ఆటలు సీడీ మీద వచ్చేవి. చిప్పు పెట్టిన క్యాసెట్ కంటే సీడీ అచ్చువెయ్యడం చాలా చవక. అందుకని బాగా అమ్ముడుపోయి కొంతకాలం గడిచిన ఆటల్ని 1996 నుంచి జపాన్ లోనూ, 1997 నుంచి అమెరికాలోనూ వేరే రంగు అట్టతో, దాదాపు సగం ధరకి మళ్ళీ అమ్మారు. అచ్చంగా మన సెకండ్ రన్. ముందు కొన్నవాడికి ముందు ఆడిన తృప్తి, తర్వాత కొన్నవాడికి డబ్బు కలిసొచ్చిన తృప్తి. వ్యాపారం మునగలేదు సరికదా, పెరిగింది. నింటెండో కూడా ఆ రోజుల్లో కొన్ని ఆటల్ని అలా తగ్గించి అమ్మింది.

ఇక ఇప్పుడు సీడీ కూడా అక్కర్లేదు. 2003లో స్టీమ్ అనే అంగడి ఇంటర్నెట్ లో తెరిచాక, కంప్యూటర్ ఆటలు తీగల మీదుగా ఇంటికి రావడం మామూలైంది. పండక్కీ పబ్బానికీ అక్కడ పాత ఆటలు సగానికీ పావుకీ ఇస్తారు. పోలండ్ వాళ్ళు 2008లో పాత ఆటలకే ఓ అంగడి పెట్టి, 6 డాలర్లకీ 10 డాలర్లకీ అమ్మారు.

అలాగని అన్నీ తగ్గవు. నింటెండోవారి "మారియో కార్ట్ 8 డీలక్స్" అనే కార్ల పందెం ఆట 2017లో 60 డాలర్లకి వచ్చింది. అది కూడా 2014 నాటి ఆటకే మెరుగులు దిద్దినది. 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. అయినా ఎప్పుడో పండగ తగ్గింపు తప్పిస్తే 2024లో కూడా మామూలు ధర అదే 60.

ఇక్కడ నేను కాస్త ఆగి ఆలోచించాను. ఆట చీరలాంటిది కాదు, మడతల్లో చిరగదు. కూరగాయ కాదు, సాయంత్రానికి వాడిపోదు. మొదటిసారి ఆడే పిల్లవాడికి అది ఎప్పుడూ కొత్తదే. పాత బియ్యానికి మనం ఎక్కువిచ్చి కొనడం లేదూ? పైగా, నిన్న 60 పెట్టి కొన్న తల్లి ఇవాళ 20కి అదే ఆట చూస్తే కడుపు మండదూ? "ఎలాగూ తగ్గుతుందిలే" అని అందరూ ఆగితే, 1983లోలాగా చేసినవాడికి అన్నం పుట్టదు. నలుగురైదుగురు కుర్రాళ్ళు కలిసి చేసే చిన్న కంపెనీలు పాత ఆట మీద వచ్చే చిల్లరతోనే కొత్తది చేసుకోవాలి. ఇదంతా న్యాయమే.

కాని దీనికి రెండో వైపుంది. పాత బియ్యం నిలవచెయ్యడానికి గాదె కావాలి, కాపలా కావాలి. ఆటకి పెట్టిన ఖర్చు మొదటి ఒకటి రెండేళ్ళలో తిరిగొచ్చేశాక, తీగల మీద ఇంకో కాపీ పంపడానికి అయ్యే ఖర్చు ఏపాటి? డబ్బాలో వచ్చిన రోజుల్లో, ఆడేసిన ఆటని పక్కింటి పిల్లవాడు సగానికి అమ్మేవాడు. కోఠీలో పాత పాఠ్యపుస్తకాలు కొని మనం పిల్లల్ని చదివించుకున్నట్టే. ఆ సెకండ్ హ్యాండ్ అంగడే కంపెనీల ధరకి ముక్కుతాడు. తీగల మీద వచ్చిన ఆటని ఎవరికీ అమ్మలేం, ఇవ్వలేం. ముక్కుతాడు తెగాక, ధర తగ్గించడం అమ్మేవాడి దయ మీద ఆధారపడుతుంది.

అంతకంటే కష్టమైన సంగతి ఇంకోటి తెలిసింది. అమెరికాలో వీడియో గేమ్స్ చరిత్రని కాపాడే ఓ సంస్థ 2023లో లెక్కతీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి ఏ ధరకీ మామూలు అంగట్లో దొరకడం లేదట! ఆ ఏడాదే మార్చిలో నింటెండో తన రెండు పాత యంత్రాల ఇంటర్నెట్ అంగళ్ళని మూసేసింది. ఇక పాత డబ్బాలు దాచుకున్నవాళ్ళ దగ్గర కొనాలి. 2021లో ఓ "సూపర్ మారియో 64" సీలు విప్పని డబ్బా వేలంలో 15 లక్షల డాలర్లు దాటింది. బీరువాలో పెట్టి ఎన్నడూ కట్టని పట్టుచీరలాంటిది, ఆడుకునే పిల్లవాడికి ఏం లాభం?

కాబట్టి నాకు తేలిందేమిటంటే, పాత ఆట ధర తగ్గాలి. గంపలో పోసినట్టు కాదు, సెకండ్ రన్ లాగా మెట్టు మెట్టుగా, చేసినవాడి ఖర్చు తిరిగొచ్చాక చిన్న హుండీవాళ్ళకి కూడా అందేట్టు. ఎంత తగ్గినా తగ్గకపోయినా, అసలు అలమరలోంచి మాత్రం మాయమవకూడదు. నేలటిక్కెట్టు తీసెయ్యడం ఒక తప్పు. సినిమా రీళ్ళే తగలబెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ఇదంతా మా మనవణ్ణి కూచోబెట్టి చెప్పాను. అలమగోర్డో గుంట దగ్గర కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. అంతా విని, "అయితే నీకు అప్పుడు తెలీదన్నమాట" అన్నాడు.

"తెలీదు నాన్నా. తెలీకుండానే చెప్పాను."

మర్నాడు మా అమ్మాయి ఎదురుగానే వాడి చేతిలో 30 డాలర్లు పెట్టాను. "అమ్మా, రూలు!" అంది. "ఇది బహుమానం కాదే, తప్పుడు సలహాకి జరిమానా. జరిమానా కట్టొద్దనడానికి నువ్వెవరు?" అన్నాను. అది నవ్వేసి వూరుకుంది.

స్నేహితులెవరూ ఇప్పుడా ఆట ఆడడం లేదు గదా, అంచేత వాడికి జోడీగా నన్నే కూచోబెట్టాడు. రోజూ ఓడిపోతున్నాను. నిన్న ఆట మధ్యలో, "అమ్మమ్మా, ఇంకో ఆట చూశాను, అది కొనాలా ఆగాలా?" అని అడిగాడు.

"ముందు అది ఎవరు అమ్ముతున్నారో చెప్పు" అన్నాను.