వంగదేశపు రేచీకటియు పదునాలుగు శాకములును

పదునొకండవ శతాబ్దమున గౌడదేశము నేలిన నయపాలుని వంటశాలకు అధికారిగా నుండిన నారాయణుని కుమారుడు చక్రపాణిదత్తుడు, చరకమునకు ఆయుర్వేదదీపికను, సుశ్రుతమునకు భానుమతిని వ్యాఖ్యానములుగా రచించి, చికిత్సాసంగ్రహమను గ్రంథముచే వంగదేశపు వైద్యులకెల్ల గురుస్థానీయుడయ్యెను. రాజుగారి పాకశాలాధికారి బిడ్డ భిషగ్వరుడగుట కాకతాళీయమే కావచ్చును గాని, రేచీకటి విషయమున మాత్రము వైద్యము వంటయింటికి ఎన్నడును దూరముగా లేదు. సుశ్రుతుని ఉత్తరతంత్రమున నక్తాంధ్యమునకు పిప్పళ్లతో పక్వము చేసిన మేక కాలేయము ఔషధముగా విధింపబడియున్నది. ఆ కాలేయమున నున్న గుణమేదియో, 1913లో అమెరికాయందు మెక్కాలమ్, డేవిస్ అనువారు వెన్నలోను గ్రుడ్డుసొనలోను ఎలుకపిల్లల యెదుగుదలకు అత్యావశ్యకమైన పదార్థమొకటి కలదని కనుగొనువఱకు లోకమునకు తెలియలేదు. 1920లో లండనునందు డ్రమ్మండ్ దానిని ‘విటమిన్ ఏ’ యని పిలిచెను. కంటి వెనుక తెరపై మసకవెలుతురును గ్రహించు వర్ణద్రవ్యము దీనివలననే నిర్మితమగును. ఇది కొఱవడినచో మొదట రేచీకటి క్రమ్మును, పిదప కన్ను తడియారును, తుదకు నల్లగ్రుడ్డు మెత్తబడి కరగిపోవును. శ్వాసనాళముల, ప్రేగుల లోపొరలు సైతము దుర్బలములగుటచే అట్టి బిడ్డను తట్టు, అతిసారము సులభముగా లోగొనును.

గంగ శాఖోపశాఖలై సముద్రమును చేరు దేశమున నున్న కలకత్తాకు, ఈ విటమిను వెల పెట్టి దూరము నుండి తెప్పింపవలసిన వస్తువు కాదు. చెఱువులలోను వరిపొలముల నీటిలోను దొరకు మౌరలా యను చిఱుచేపను తలతోకూడ నమలి తినుట కండ్లకు మంచిదని అచ్చటి ముసలమ్మలు చెప్పుచుందురు. పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఆ చేపయందలి విటమిన్ ఏ విశేషభాగము దాని కండ్లలోను ప్రేగులలోను ఉన్నట్లు తేలినది. కావున నాగరికతపేర తల కోసి పాఱవేయువాడు సారమును పాఱవేసినవాడే.

శాకాహారమునకు వచ్చినచో, నవద్వీపమున పదునాఱవ శతాబ్దమున వర్ధిల్లిన స్మార్తుడు రఘునందన భట్టాచార్యుడు కృత్యతత్త్వమున ఒక విచిత్రమైన విధిని నిలిపినాడు. మనము నరకచతుర్దశి యనునది వంగీయులకు భూతచతుర్దశి. కాళీపూజకు ముందటి ఆ దినమున పదునాలుగు శాకములు తిని, సాయంకాలమున పదునాలుగు దీపములు వెలిగింపవలెను. కంద, చెంగల్వకోష్టు, చక్రవర్తికూర, ఆవ, కసివింద, వేప, జయంతి, తిప్పతీగ మున్నగు పేర్లుగల ఆ పట్టికలో శాలించయని యున్నది మన పొన్నగంటికూరయే. కండ్లకు చలువయని ఆంధ్రదేశపు తల్లులు ఏ కూరను బిడ్డలకు పెట్టుదురో ఆ కూరను నవద్వీపపు ధర్మశాస్త్రకారుడు పండుగనాడు విధించుట చూచి నాకు కలిగిన సంతోషమును దాచుకొనజాలను. నేడు కలకత్తా బజారులలో ఆ ముందునాడు తరిగి కలిపిన ఆకులను ‘చొద్దొ శాక్’ అని అమ్ముదురు. అందలి ఆకులు తఱచు రఘునందనుని పట్టికలోనివి గాక, ఆ పూట చేతికందినవి యగుచున్నవి.

అయినను ఆచారమును మితిమీఱి పొగడుట తగదు. ఆకులలో నున్నది కెరోటీను. అది శరీరమున విటమిన్ ఏగా మాఱవలెను, ఆ మార్పునకు పండ్రెండు పాళ్లు పోసిన ఒకపాలు దక్కునని నేటి లెక్క. కొంత నూనెయైనను తోడుపడనిదే అదియు సరిగా ఒంటబట్టదు. సంవత్సరమున కొకనాడు తిన్న పిడికెడు ఆకు కాలేయమున నిలువ చేయునది స్వల్పము. పుణ్యము సంగతి నేనెఱుగను. కంటికి మాత్రము తక్కిన మూడువందల అఱువది నాలుగు దినముల భోజనమే ముఖ్యము.

ఆ భోజనము బీదవానికి కేవలము అన్నమైనప్పుడు పిల్లల కండ్లు పోయెను. తెల్లని బియ్యమున విటమిన్ ఏ లేదు. ఈ దుర్గతి మన దేశమునకే పరిమితము కాదు: మొదటి ప్రపంచయుద్ధకాలమున డెన్మార్కు తన వెన్నను విదేశములకు అమ్ముకొని, బీదల బిడ్డలకు వెన్నతీసిన పాలు మిగిల్చినందున వారి కండ్లు ఎండిపోయినవని కోపెన్‌హేగన్ వైద్యుడు బ్లాక్ వ్రాసెను. పాడిపంటలకు కొదవలేని దేశముననే ఇట్లు జరుగగా, 1943లో పల్లెలు విడిచి కలకత్తా వీథులలో వచ్చిపడిన క్షామపీడితులగతి చెప్పనేల? వారు అన్నమడుగుటకు సాహసింపక, గంజి పోయుడని ఇంటింటి ముంగిట చేతులు చాచిరి. అప్పటికే ఆ నగరమున, రాక్‌ఫెల్లర్ ఫౌండేషను ధనసహాయముతో 1932 డిసెంబరు 30న వెలసిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ ఉండెను. విశ్వవిద్యాలయమున, పూర్వము లండనులో ఆ డ్రమ్మండ్ వద్దనే పనిచేసి వచ్చిన బీరేశచంద్ర గుహ ఆచార్యుడై యుండెను. క్షామకాలమున ఆయన మొక్కల నుండి మాంసకృత్తులను తీసి జనులకు ఆహారముగా నిచ్చుటకు పాటుపడెను. విద్య కొఱవడి ఆ బిడ్డలు నశింపలేదు, కూడు కొఱవడి నశించిరి.

కాలేయము ఈ విటమినును నెలల తరబడి దాచుకొనగలదను నిజమును ఆధారము చేసికొని, కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలయందు గోపాలన్ గారును ఆయన సహచరులును ఒక ఉపాయము రూపొందించిరి. దానిననుసరించి 1970 నుండి ప్రభుత్వము చిన్నబిడ్డలకు ఆఱు నెలల కొకసారి రెండు లక్షల యూనిట్లు, అనగా రెండు మిల్లీలీటర్ల మందు, చెంచాతో పోయింపసాగెను. ఆ చెంచాలోని అఱువది మిల్లీగ్రాములకు సరితూగు కెరోటీను, నూఱు గ్రాములకు 6780 మైక్రోగ్రాముల కెరోటీనుగల మునగాకునుండియే తీయదలచినను, పది కిలోలకు పైబడిన ఆకు కావలెను. కండ్లు పోవుచున్న బిడ్డకు చెంచాయే శరణ్యమనుటలో నాకు సందేహము లేదు. కాని గోపాలన్ గారే ఉత్తరకాలమున, బిడ్డలందఱకు నిరంతరముగా ఈ పెద్ద మోతాదులు పోయుచుండుటను నిరసించి, ఆకుకూరలును పండ్లును గల నిత్యాహారమే దీనికి మార్గమని పలుమాఱు వాదించిరి. ఆ వాదము నేటికిని తీఱలేదు.