నెల్లూరు ప్రాంతంలో ఫిజియోథెరపీ ఉన్నత విద్య

ఫిజియోథెరపీ లేదా భౌతిక చికిత్స అనగా వ్యాయామం, చేతితో చేసే చికిత్స, వేడి, చలువ, విద్యుత్తు వంటి భౌతిక సాధనాల ద్వారా శరీర కదలికలను మెరుగుపరచే శాస్త్రము. ఈ శాస్త్రంలో పట్టభద్రులైనవారు చదివే రెండేళ్ళ స్నాతకోత్తర కోర్సును మాస్టర్ ఆఫ్ ఫిజియోథెరపీ (ఎం.పి.టి.) అంటారు. ఈ వ్యాసంలో ఎం.పి.టి. ప్రవేశం, పాఠ్యాంశాలు, ఉపాధి గురించిన వివరాలు నెల్లూరు తీర ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినాయి. ఇక్కడ నెల్లూరు తీరం అంటే ఉత్తరాన కావలి నుండి దక్షిణాన పులికాట్ సరస్సు ఒడ్డునున్న తడ వరకు గల పూర్వపు నెల్లూరు జిల్లా తీరమని గ్రహించాలి.

చరిత్ర

భారతదేశంలో ఫిజియోథెరపీ విద్యకు పోలియో వ్యాధి ముఖ్య కారణమైనది. బొంబాయిలో పోలియో ప్రబలిన తరువాత 1950వ దశకం తొలినాళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో అక్కడి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల మొదలైనది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడినది.

నెల్లూరు వాసులకు దగ్గరలో ఈ రంగానికి పేరు తెచ్చిన ఊరు తమిళనాడులోని వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940వ దశకం చివరి నుండి కుష్ఠు రోగుల వంకరపోయిన చేతివేళ్ళకు శస్త్రచికిత్సలు చేశారు. ఆపరేషను తరువాత కొత్త స్థానానికి మార్చిన కండరాన్ని ఎలా వాడాలో రోగికి మళ్ళీ నేర్పాలి కనుక, ఆ చికిత్సలో ఫిజియోథెరపీ విడదీయరాని భాగమైనది. అదే సంస్థలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీ నుండే శస్త్రచికిత్సలు చేశారు. ఆమె కృషి ఫలితంగా 1966లో వేలూరులో పునరావాస కేంద్రం ఏర్పడినది. 1972లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం స్థాపించబడినది. తరువాత దీనికి ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. 2022లో వై.ఎస్.ఆర్. పేరుకు మారి, 2024లో తిరిగి డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారినది. రాష్ట్రంలోని ఫిజియోథెరపీ కళాశాలలలో ఎక్కువ భాగం దీనికి అనుబంధంగా ఉన్నాయి. నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం సాధారణ కోర్సులకు సంబంధించినది కాబట్టి, ఫిజియోథెరపీ విద్యార్థులు విజయవాడ విశ్వవిద్యాలయం ప్రకటనలనే చూసుకోవాలి.

స్థానిక అవసరాలు

నెల్లూరు ప్రాంతంలో ఫిజియోథెరపీ అవసరం ఇక్కడి నీటితోను, వృత్తులతోను ముడిపడి ఉన్నది.

* ఫ్లోరోసిస్: తాగునీటిలోని అధిక ఫ్లోరైడు వలన ఎముకలు గట్టిపడి వెన్ను, కీళ్ళు బిగుసుకుపోయే వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించి వివరించారు. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఎముకలో చేరిన ఫ్లోరైడును వ్యాయామం తొలగించలేదు. మిగిలి ఉన్న కదలికను కాపాడటం, నొప్పి తగ్గించటం, రోగి తన పనులు తాను చేసుకొనేలా తీర్చిదిద్దటం మాత్రమే సాధ్యం. అసలు నివారణ సురక్షితమైన నీటిలోనే ఉన్నది.
* వృత్తి సంబంధ నొప్పులు: వల లాగే, పడవను ఇసుకపైకి నెట్టే మత్స్యకారులకు భుజం, నడుము నొప్పులు, వరి నాట్లలో గంటల తరబడి వంగి ఉండే స్త్రీలకు నడుము, మోకాలి నొప్పులు సాధారణం. రొయ్యల చెరువులలో మేత బస్తాలు మోసేవారూ ఇదే కోవలోకి వస్తారు.
* పక్షవాతం, ప్రమాదాలు: చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నెంబరు జాతీయ రహదారి నెల్లూరు మీదుగా పోతుంది. రహదారి ప్రమాదాలలో ఎముకలు విరిగినవారికి, వెన్నుపాము దెబ్బతిన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి దీర్ఘకాలిక చికిత్స అవసరం.

పల్లెలలో ఫిజియోథెరపీని "కరెంటు పెట్టించుకోవటం" అనే మాటతో వ్యవహరించటం కద్దు. నొప్పి తగ్గించే విద్యుత్ యంత్రాలు ఈ చికిత్సలో ఒక చిన్న భాగమే. పక్షవాతం వచ్చిన మనిషి మళ్ళీ మంచం మీద నుండి లేవటం, నడవటం, అన్నం కలుపుకోవటం వంటివి పదే పదే అభ్యాసం చేయించటం వలన వస్తాయి గాని యంత్రం వలన రావు.

అర్హతలు

ఎం.పి.టి.లో చేరటానికి గుర్తింపు పొందిన కళాశాల నుండి బి.పి.టి. (బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ) ఉత్తీర్ణులై, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి ఉండాలి. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు బి.పి.టి.లో చేరతారు. చాలాకాలం ఇది ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర సంవత్సరాల కోర్సుగా ఉన్నది. 2025లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక దీనిని ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ కోర్సుగా నిర్దేశించింది.

ప్రవేశ విధానం

విశ్వవిద్యాలయం ప్రతి సంవత్సరం ప్రకటన విడుదల చేసి దరఖాస్తులు స్వీకరిస్తుంది. ప్రతిభాక్రమం, రిజర్వేషన్ల ఆధారంగా కౌన్సెలింగ్ ద్వారా కన్వీనరు కోటా సీట్లు కేటాయిస్తారు. ప్రైవేటు కళాశాలలలో యాజమాన్య కోటా సీట్లకు రుసుము ఎక్కువ. దరఖాస్తుతో పాటు సాధారణంగా ఈ పత్రాలు అవసరమవుతాయి:

* బి.పి.టి. మార్కుల జాబితాలు, డిగ్రీ లేదా తాత్కాలిక పట్టా
* ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినట్లు ధ్రువపత్రం
* పుట్టిన తేదీకి పదో తరగతి ధ్రువపత్రం
* కుల, ఆదాయ ధ్రువపత్రాలు (వర్తించేవారికి)
* స్థానికతను నిరూపించే చదువు ధ్రువపత్రాలు

స్థానికత విషయంలో నెల్లూరు విద్యార్థులు ఒక అంశాన్ని గమనించాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రవేశాల కొరకు రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. నెల్లూరు కోస్తా జిల్లా అయినప్పటికీ, ఈ ఉత్తర్వులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో కాక, రాయలసీమ జిల్లాలతో కలిసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చేర్చబడినది. కనుక నెల్లూరు విద్యార్థి తిరుపతిలో స్థానికుడు. పొరుగున ఉన్న ప్రకాశం జిల్లా దాటి గుంటూరు, విజయవాడలకు వెళితే స్థానికేతరుడు.

సంస్థలు

నెల్లూరు శివారు చింతారెడ్డిపాలెంలో 1999లో ప్రారంభమైన నారాయణ వైద్య కళాశాలతో పాటు అదే యాజమాన్యపు ఫిజియోథెరపీ కళాశాల కూడా ఉన్నది. నెల్లూరులో 2014లో ఏ.సి.సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. వికలాంగుల పునరావాసానికి కేంద్ర ప్రభుత్వపు కాంపోజిట్ ప్రాంతీయ కేంద్రం కూడా నెల్లూరులో ఉన్నది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్)కు సొంత ఫిజియోథెరపీ కళాశాల ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో స్థాపించిన బర్డ్ ఆసుపత్రి ఎముకల, కీళ్ళ శస్త్రచికిత్సలకు, పునరావాసానికి ప్రసిద్ధి చెందినది. హైదరాబాదులోని నిమ్స్‌లోను, చెన్నై, వేలూరులలోని పలు సంస్థలలోను కూడా ఫిజియోథెరపీ ఉన్నత విద్య లభిస్తుంది. ఇతర రాష్ట్రాల సంస్థలకు వేర్వేరుగా దరఖాస్తు చేసుకోవాలి.

పాఠ్యాంశాలు

ఎం.పి.టి.లో విద్యార్థి ఒక ప్రత్యేక విభాగాన్ని ఎన్నుకుంటాడు. కండరాలు-ఎముకలు, నాడీ వ్యవస్థ, గుండె-ఊపిరితిత్తులు, క్రీడలు, సామాజిక ఫిజియోథెరపీ మొదలైనవి ముఖ్య విభాగాలు. అందరికీ ఉమ్మడిగా పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం, శరీర యాంత్రికశాస్త్రం, వ్యాయామ శరీరధర్మశాస్త్రం, బోధనా పద్ధతులు ఉంటాయి. రోజులో అధిక భాగం ఆసుపత్రి వార్డులలోను, ఓ.పి.లోను గడుస్తుంది.

కోర్సులో కీలకమైనది సిద్ధాంత వ్యాసం. విద్యార్థి మార్గదర్శకుని వద్ద అంశాన్ని ఎన్నుకొని, సంక్షిప్త ప్రణాళిక సమర్పించి, నైతిక సంఘం అనుమతి పొందిన తరువాతనే రోగుల నుండి సమాచారం సేకరించాలి. రోగి సమ్మతి పత్రం అతనికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. నొప్పిని, నడకను, రోజువారీ పనులను కొలిచే ప్రశ్నావళులు చాలావరకు ఆంగ్లంలో తయారైనవి. వాటిని తెలుగులోకి అనువదించి, మరొకరిచేత తిరిగి ఆంగ్లంలోకి మార్పించి, అర్థం చెడలేదని సరిచూసుకోవాలి. మెట్లు ఎక్కటం, కుర్చీలో కూర్చోవటం గురించిన ప్రశ్నలు, నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చొనే, పొలం గట్టున నడిచే మనిషి కష్టాన్ని పూర్తిగా కొలవలేవు.

చట్టబద్ధ గుర్తింపు

వైద్యులకు, దంతవైద్యులకు, నర్సులకు జాతీయ మండళ్ళు స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళ నుండే ఉన్నా, ఫిజియోథెరపిస్టులకు దశాబ్దాల తరబడి అటువంటిది లేదు. ఢిల్లీ 1997లో, మహారాష్ట్ర 2002లో సొంత చట్టాలు చేసుకున్నాయి. చాలాచోట్ల నాలుగున్నరేళ్ళు చదివినవారికీ, కొద్ది నెలల శిక్షణతో బోర్డు పెట్టుకున్నవారికీ తేడా రోగికి తెలిసే మార్గం ఉండేది కాదు. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. కనీస విద్యాప్రమాణాలు, రాష్ట్ర మండళ్ళు, వృత్తి నమోదు దీని పరిధిలోకి వస్తాయి.

పేరుకు ముందు "డాక్టర్" అని వాడుకొనే విషయం వివాదాస్పదమైనది. 2025 పాఠ్యప్రణాళిక దీనికి అనుకూలంగా ఉండగా, అదే సంవత్సరం సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అభ్యంతరం తెలుపుతూ లేఖ వ్రాసి, వెంటనే దానిని ఉపసంహరించుకున్నది.

ఉపాధి

ఎం.పి.టి. చేసినవారు కార్పొరేట్ ఆసుపత్రులలో, ఫిజియోథెరపీ కళాశాలలలో, క్రీడా జట్లతో పనిచేస్తారు. కొందరు సొంత క్లినిక్కులు నడుపుతారు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు మండలాలలో నడిచే భవిత కేంద్రాలకు కూడా ఫిజియోథెరపిస్టులు నిర్ణీత రోజులలో వెళ్ళి సేవలందిస్తారు.

అమెరికాలో 2016 నుండి ఈ వృత్తికి ప్రవేశ విద్య డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ (డి.పి.టి.) మాత్రమే. అక్కడ కొత్తగా డి.పి.టి. చదవదలచినవారు ఆ దేశపు కేంద్రీకృత దరఖాస్తు వ్యవస్థ ద్వారా పలు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయవచ్చు. భారతదేశంలో చదివినవారు నేరుగా పనిచేయాలంటే ముందుగా తమ చదువు అమెరికా చదువుకు సమానమని మదింపు చేయించుకొని, లోటు ఉన్న అంశాలు పూర్తిచేసి, జాతీయ ఫిజికల్ థెరపీ పరీక్ష వ్రాయాలి. ఈ పరీక్షలో 200 నుండి 800 వరకు గల కొలమానంలో 600 వస్తే ఉత్తీర్ణులు. ఎం.పి.టి. పట్టా తనంతట తాను డి.పి.టి.కి సమానం కాదు. లైసెన్సు నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటాయి.

సమస్యలు

ఫిజియోథెరపీలో ఫలితం వారాల, నెలల తరబడి క్రమం తప్పకుండా చేసిన అభ్యాసం వలన వస్తుంది. తీర గ్రామం నుండి రోజూ నెల్లూరుకు బస్సులో వచ్చే కూలీకి బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. తోడు వచ్చిన మనిషి కూలీ కూడా పోతుంది. అందువలన నొప్పి కాస్త తగ్గగానే చాలామంది మధ్యలో మానివేస్తారు. ఇంటివద్ద చేసుకోదగిన వ్యాయామాలు రోగికి, కుటుంబానికి నేర్పటం సామాజిక ఫిజియోథెరపీలో ముఖ్యాంశం కావటానికి ఇదే కారణం.

కోర్సు పూర్తిచేసినవారికి నగరాలలో, విదేశాలలో ఉన్న అవకాశాలు పల్లెలలో లేవు. రుణం తెచ్చి చదివినవారు ముందు ఆ రుణం తీర్చే ఉద్యోగం చూసుకుంటారు. ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో శాశ్వత పోస్టులు పెరిగితే తప్ప, ఈ ప్రాంతపు వార్డులలో నేర్చుకున్న విద్య ఈ ప్రాంతపు రోగులకు చేరటం కష్టం.

ఇవి కూడా చూడండి

* ఫ్లోరోసిస్
* పక్షవాతం
* శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా
* డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం