నెత్తుటి చుక్కలో దొరికిన సుర్రా

1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్రాలు, ఒంటెలు జ్వరంతో చిక్కి శల్యమై చచ్చిపోతున్నాయి. స్థానికులు ఆ జబ్బును సుర్రా అనేవారు. కారణం వెతకడానికి సైనిక పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ వెళ్లాడు.

జబ్బుపడిన గుర్రం నెత్తురును మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల మధ్య ఏవో జీవులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆ నెత్తురు ఎక్కించిన ఆరోగ్యవంతమైన జంతువులకూ జబ్బు వచ్చింది. పైఅధికారులు మాత్రం నమ్మలేదు! తరువాత ఆ పరాన్నజీవికి ఆయన పేరే స్థిరపడింది: ట్రిపనోసోమా ఇవాన్సై.

1889లో పూనాలో ఇలాంటి పశురోగాల పరిశోధనకు ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబరేటరీ మొదలైంది. అంటురోగాల పని మందలకు దూరంగా సాగాలని 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు.

1904లో గుస్తావ్ జీమ్సా ప్రకటించిన రంగు నెత్తుటిలో పరాన్నజీవులను వెతికే పనిని తేలిక చేసింది. వెటర్నరీ ల్యాబ్ పని నేర్చుకునేవారు ఇప్పటికీ దాన్నే వాడతారు: చిన్న నెత్తుటి చుక్కను స్లైడు మీద పల్చగా లాగి, ఆరబెట్టి, మిథనాల్‌తో స్థిరపరచి, రంగు వేసి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద వెతుకుతారు. చుక్క పెద్దదైతే పూత మందమై కణాలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

సుర్రాను మోసేవి ముఖ్యంగా జోరీగలు. జ్వరం దిగిన రోజుల్లో నెత్తుటిలో పరాన్నజీవులు పలచబడతాయి కాబట్టి, ఒక స్లైడులో కనబడకపోతే మళ్లీ నెత్తురు తీసి చూస్తారు.